మేయర్ అభ్యర్థి మన గల్లీకి రాడు, మన ప్రశ్నే అక్కడికి వెళ్లాలి

(మునిర్కాలో ఉంటున్న తెలుగు విద్యార్థులు, పోటీ పరీక్షలకు చదువుకుంటున్న మిత్రులు కలిసి పెట్టుకున్న సమావేశంలో ఒక పరిశోధక విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశానికి పిలిచిన తమ్ముళ్లు నాకు ఇచ్చిన విషయం ఇది: మేయర్ పదవికి పోటీ చేసే మనిషి ఎదురైతే, నగరం గురించి యువత ఏం అడగాలి? మంచి విషయమే. కానీ మొదట్లోనే ఒక చిక్కు ఉంది. ఢిల్లీలో మేయర్ అభ్యర్థి మనకు ఎదురుపడడు. ఈ ఇరుకు గల్లీలోకి వచ్చి, చేతులు జోడించి, “నేను మేయర్‌గా నిలబడుతున్నాను, ఓటేయండి” అని ఎవరూ అడగరు. అడగాల్సిన అవసరం వాళ్లకు లేదు.

ఎందుకో చెప్తాను. న్యూయార్క్‌లో 2025 నవంబరులో మేయర్ ఎన్నిక జరిగింది. జోహ్రాన్ మమ్దానీ గెలిచాడు. ఆ ఊళ్లో జనం నేరుగా మేయర్‌కి ఓటేస్తారు. కాబట్టి ఇంటి అద్దె గురించి, బస్సు ఛార్జీ గురించి ఎవరైనా అభ్యర్థిని ఆపి అడగొచ్చు, అతను జవాబు చెప్పి తీరాలి. మన హైదరాబాద్‌లో కూడా 2002లో మేయర్‌ని జనమే నేరుగా ఎన్నుకున్నారు. తీగల కృష్ణారెడ్డి అట్లా గెలిచినవారే. తర్వాత ఆ పద్ధతి పోయింది. 2020 డిసెంబరు 1న గ్రేటర్ హైదరాబాద్‌లో పోలింగ్ జరిగితే, 2021 ఫిబ్రవరి 11న గద్వాల విజయలక్ష్మి మేయర్ అయ్యారు. ఓటు గుద్దిన రోజున మేయర్ ఎవరో ఓటరుకి తెలీదు. ఓటర్లలో సగం మంది కూడా పోలింగ్ బూత్‌కి రాలేదంటే, “హైదరాబాదోళ్లకి బద్ధకం” అని తిట్టి వదిలేస్తాం. ఎవరికి ఓటేస్తున్నామో చెప్పని ఎన్నిక మీద జనానికి ఎంత ఆసక్తి ఉంటుందో మాత్రం ఆలోచించం.

ఢిల్లీలో ఇంకొక మెట్టు ఎక్కువ. ఇక్కడ మేయర్ పదవి ఒక్క ఏడాదే. ప్రతి ఏప్రిల్‌లో ఎన్నిక. ఓటు వేసేది ఎవరు? 250 మంది కౌన్సిలర్లు, ఏడుగురు లోక్‌సభ సభ్యులు, ముగ్గురు రాజ్యసభ సభ్యులు, అసెంబ్లీ స్పీకర్ నామినేట్ చేసే 14 మంది ఎమ్మెల్యేలు. మొత్తం 274. అదీ రహస్య బ్యాలెట్. పైగా ఫిరాయింపుల చట్టం ఇక్కడ వర్తించదు. అంటే మీ వార్డు కౌన్సిలర్ ఏ గుర్తు మీద గెలిచి ఎవరిని మేయర్ చేశాడో మీకు తెలిసే దారి లేదు. 2022 డిసెంబరు 4న పోలింగ్ అయితే, 2023 ఫిబ్రవరి 22న గానీ షెల్లీ ఒబెరాయ్ మేయర్ కాలేదు. నామినేటెడ్ సభ్యులకు ఓటు లేదని ఫిబ్రవరి 17న సుప్రీంకోర్టు చెప్పేదాకా ఎన్నికే ముందుకు కదల్లేదు. ఆ రోజు ఓడిన అభ్యర్థి రేఖా గుప్తా. రెండేళ్ల తర్వాత ఆమె ఢిల్లీ ముఖ్యమంత్రి అయ్యారు. మేయర్ పోటీ చిన్న విషయం కాదని చెప్పడానికే ఈ మాట.

ఇక మన విషయానికి వస్తాను. మనం అంటే అంబేడ్కర్ పేరు చెప్పుకునే వాళ్లం.

ఢిల్లీ మున్సిపల్ చట్టం ప్రకారం ఐదేళ్లలో మొదటి ఏడాది మేయర్ పదవి మహిళకు, మూడో ఏడాది ఎస్సీ అభ్యర్థికి రిజర్వ్. గమనించండి. ఆంధ్రలో, తెలంగాణలో, తమిళనాడులో ఒక నగరం మేయర్ పదవి ఎస్సీలకు రిజర్వ్ అయితే అది ఆ ఐదేళ్లకీ రిజర్వ్. ఢిల్లీలో మనకిచ్చింది కుర్చీ కాదు, క్యాలెండర్‌లో పన్నెండు నెలలు.

ఆ పన్నెండు నెలలైనా ఇచ్చారా? మూడో ఏడాది 2024 ఏప్రిల్‌లో మొదలు కావాలి. ఏప్రిల్ 26న ఎన్నిక అన్నారు. అప్పటికి ముఖ్యమంత్రి జైల్లో ఉన్నారు. ఎన్నిక నడిపే ప్రిసైడింగ్ అధికారిని నియమించాలంటే ముఖ్యమంత్రి సలహా కావాలని లెఫ్టినెంట్ గవర్నర్ కార్యాలయం అన్నది. ఎన్నిక వాయిదా పడింది. వేసవి పోయింది, వాన పోయింది, దసరా దీపావళి పోయాయి. చివరికి 2024 నవంబరు 14న దేవ్‌నగర్ కౌన్సిలర్ మహేశ్ కుమార్ ఖీచీ 133 ఓట్లు తెచ్చుకుని, 130 ఓట్లు వచ్చిన కిషన్ లాల్ మీద గెలిచారు. మూడు ఓట్ల తేడా. 2025 ఏప్రిల్ 25న రాజా ఇక్బాల్ సింగ్ కొత్త మేయర్ అయ్యారు. లెక్క మీరే వేసుకోండి. ఏడాది అన్నది ఐదు నెలల పైచిలుకు అయింది.

ఆ ఏడు నెలలు మేయర్ కుర్చీ ఖాళీగా లేదు. పాత మేయరే కొనసాగారు. అంటే ఎస్సీలకు రాసిపెట్టిన కాలాన్ని జనరల్ కాలం మింగేసింది. ఒక పార్టీ గవర్నర్‌ని తిట్టింది, ఇంకో పార్టీ ముఖ్యమంత్రిని తిట్టింది. కాంగ్రెస్ కౌన్సిలర్లు దళిత మేయర్‌కి పూర్తి ఏడాది ఇవ్వాలని అడిగి, ఆ నవంబరు ఎన్నికను బహిష్కరించారు. మూడు పార్టీలూ దళితుల పేరు చెప్పాయి. పోయిన ఏడు నెలలు మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేదు. ఉద్యోగాల్లో బ్యాక్‌లాగ్ పోస్టులు అని ఒకటుంది కదా, భర్తీ కాని రిజర్వ్ పోస్టు తర్వాతి నోటిఫికేషన్‌కి కలుస్తుంది. మేయర్ పదవికి బ్యాక్‌లాగ్ లేదు. పోయిన నెల పోయినట్టే.

ఇంకొక మాట. మహేశ్ ఖీచీ పదవిలో ఉన్నంత కాలం స్టాండింగ్ కమిటీ పని మొదలుపెట్టలేదు. 18 మంది సభ్యుల ఆ కమిటీ చేతిలోనే పెద్ద కాంట్రాక్టులు, ఖర్చుల అనుమతులు ఉంటాయి. 2022 ఎన్నికల నుంచి నలిగి నలిగి, 2025 జూన్‌లో గానీ దానికి అధ్యక్షుడు రాలేదు. పాలన నడిపేది కమిషనర్. ఆయన్ని నియమించేది కేంద్రం. మరి మేయర్ చేతిలో ఏముంది? సభకు అధ్యక్షత, సభలో ఏ విషయం ముందుకు రావాలో చెప్పే బలం, నగరం మొత్తం వినేలా మాట్లాడే గొంతు. ఇది తక్కువేమీ కాదు గానీ, ఇదే అంతా కూడా కాదు. కాబట్టి మేయర్ అభ్యర్థిని అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది: “రిజర్వ్ అయిన ఏడాది ఏప్రిల్‌లో మొదలై మళ్లీ ఏప్రిల్ దాకా నడిచేలా చట్టం మార్చమని సభలో తీర్మానం పెడతారా?” ఈ ప్రశ్న దళిత అభ్యర్థికి మాత్రమే కాదు. జనరల్ ఏడాదిలో నిలబడే అభ్యర్థినే ఎక్కువ అడగాలి.

ఇప్పుడు మునిర్కా సంగతి. ఈ ఊరి పొలాలు ప్రభుత్వం తీసుకుంది. చుట్టూ ఆర్.కె.పురం, జె.ఎన్.యు. లేచాయి. ఊరు మాత్రం లాల్ డోరా లోపల మిగిలింది. పొలం పోయినవాళ్లు ఇళ్లు పైకి లేపి అద్దెకిచ్చారు. సుస్మితా పాటి అనే పరిశోధకురాలు మునిర్కా, షాపూర్ జాట్ గ్రామాల మీద ‘ప్రాపర్టీస్ ఆఫ్ రెంట్’ అని పుస్తకమే రాశారు. అద్దె ఇక్కడ డబ్బు మాత్రమే కాదు, ఊరి కులపెద్దరికం కొత్త రూపంలో నిలబడే పద్ధతి కూడా. బాబాసాహెబ్ రాజ్యాంగ సభలో ఊరి గురించి ఎందుకంత కటువుగా మాట్లాడారో పుస్తకంలో చదివాం. నగరం నడిమధ్యలో ఉన్న ఊళ్లో గది వెతికితే అది ఒంటికి అర్థమవుతుంది. “పూరా నామ్ క్యా హై?” అని ఓనరు అడిగేది మన పేరు కోసం కాదని ఇక్కడ అందరికీ తెలుసు. ఈశాన్య రాష్ట్రాల నుంచి వచ్చిన మిత్రులకు ఇంకో ప్రశ్న ఉంటుంది, ఏం వండుతారు అని.

దీని గురించి మేయర్‌ని అడగొచ్చా? ఇక్కడే మనం కొంచెం జాగ్రత్తగా ఉండాలి. నగరం మీద కోపం అంతా తెచ్చి ఒక మనిషి మీద కుమ్మరిస్తే, “అది నా పరిధి కాదు” అని ఒక్క మాటతో తప్పించుకుంటాడు. ఢిల్లీలో ఈ మాట అందరికీ నోటి చివర ఉంటుంది. కాబట్టి ఎవరి చేతిలో ఏముందో తెలుసుకుని వెళ్లాలి. పోలీసులు, భూమి కేంద్రం చేతిలో ఉన్నాయి. భూమి వ్యవహారం డి.డి.ఏ. చూస్తుంది. మంచినీళ్లు, మురుగు పైపులు ఢిల్లీ జల్ బోర్డువి. 60 అడుగులు, అంతకంటే వెడల్పైన రోడ్లు పి.డబ్ల్యు.డి.వి. చెత్త, గల్లీ రోడ్లు, చిన్న కాలువలు, ఐదో తరగతి దాకా బడులు, దోమల మందు, పుట్టిన సర్టిఫికెట్, చనిపోయిన సర్టిఫికెట్, ఇంటి పన్ను, భవనాల అనుమతి, వీధి వ్యాపారుల లైసెన్సు, ఇవీ కార్పొరేషన్‌వి. ఓనరు కులం అడిగితే మేయర్ కేసు పెట్టలేడు. కానీ ఆ ఓనరు కట్టిన ఐదో అంతస్తుకి మెట్లు ఎంత వెడల్పు, అగ్గి అంటుకుంటే దిగే దారి ఉందా, కరెంటు తీగలకి చేయి తగిలే దూరంలో కిటికీ ఎలా వచ్చింది అని కార్పొరేషన్‌ని అడగొచ్చు. అడగాలి కూడా.

2024 జులై 27 మీకందరికీ గుర్తుంది. ఓల్డ్ రాజేంద్ర నగర్‌లో కోచింగ్ సెంటర్ బేస్‌మెంట్‌లో నడుపుతున్న లైబ్రరీలోకి వాన నీళ్లు వచ్చి సివిల్స్‌కి చదువుతున్న ముగ్గురు మునిగి చనిపోయారు. ఆ బేస్‌మెంట్‌కి అనుమతి ఉన్నది సామాన్లు పెట్టుకోవడానికి, బండ్లు నిలపడానికి. లైబ్రరీకి కాదు. ఆ తర్వాత కార్పొరేషన్ ఒక జూనియర్ ఇంజనీర్‌ని తీసేసింది, ఒక అసిస్టెంట్ ఇంజనీర్‌ని సస్పెండ్ చేసింది. చాలా బేస్‌మెంట్లకు సీలు వేసింది. విచారణను హైకోర్టు సి.బి.ఐ.కి ఇచ్చింది. కింది ఉద్యోగి మీద వేటు పడితే పని అయిపోయిందని అనుకోవడం మన దేశానికి అలవాటు. మనం అడగాల్సింది వేరే. “ఏ బేస్‌మెంట్‌కి ఏ అనుమతి ఉందో ప్రతి భవనం గుమ్మం మీద రాయిస్తారా? మా వార్డులో చివరిసారి తనిఖీ ఏ తేదీన జరిగింది? కాలువ పూడిక ఏ తేదీలోపు తీస్తారు?” ఇటువంటి ప్రశ్నకి జవాబు తేదీగా రావాలి, అంకెగా రావాలి. “చూస్తాం, చేస్తాం” అనేది జవాబు కాదు.

ఇక మన గుండెకి దగ్గరి ప్రశ్న. ఈ నగరాన్ని ఊడ్చేది ఎవరు? మురుగు గుంతలోకి దిగేది ఎవరు? 2013లో మనుషుల చేత పాకీ పని చేయించడాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. మురుగు గుంతలో చనిపోయినవాళ్ల కుటుంబానికి పది లక్షలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు వేసింది సఫాయి కర్మచారి ఆందోళన్. దాన్ని నడిపిస్తున్న బెజవాడ విల్సన్ కోలార్ బంగారు గనుల్లో పుట్టిన తెలుగు బిడ్డ. 2023 అక్టోబరు 20న కోర్టు ఆ మొత్తాన్ని 30 లక్షలు చేసింది. 2025 జనవరి 29న ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, బెంగళూరు, హైదరాబాద్, ఈ ఆరు నగరాల్లో మనిషి చేత పాకీ పని, మురుగు గుంతలు శుభ్రం చేయించడం ఆపాలని ఆదేశించింది. మనం చదువుకునే నగరం, మనం వచ్చిన నగరం రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. మురుగు పైపు జల్ బోర్డుది కావచ్చు. గుంతలోకి దిగిన మనిషి మాత్రం ఈ నగరం మనిషే. మేయర్ అభ్యర్థిని అడుగుదాం: “సఫాయి కార్మికుల్లో పర్మినెంట్ ఎంతమంది, కాంట్రాక్టు ఎంతమంది? కాంట్రాక్టు వాళ్లకి జీతం నెలలో ఏ తేదీన పడుతుంది? మీ హయాంలో ఎంతమందిని పర్మినెంట్ చేయమని సభలో అడుగుతారు?”

ఇక్కడ చెన్నై మాట చెప్పాలి. మద్రాసుకి 1937లోనే జె. శివషణ్ముగం పిళ్లై మేయర్ అయ్యారు. 1945–46లో ఎన్. శివరాజ్ మేయర్. ఆయన బాబాసాహెబ్ సహచరుడు, షెడ్యూల్డ్ కాస్ట్స్ ఫెడరేషన్ అధ్యక్షుడు. 2022 మార్చిలో ఆర్. ప్రియ మేయర్ అయ్యారు, 28 ఏళ్లకే. ఆ నగరానికి మొదటి దళిత మహిళా మేయర్. మన వయసు అమ్మాయి. ఆ రోజు మనలో ఎంతమంది ఆ ఫొటో స్టేటస్ పెట్టుకున్నామో గుర్తు తెచ్చుకోండి. ఆ సంతోషం న్యాయమైనదే. కానీ 2025 ఆగస్టు 1 నుంచి అదే కార్పొరేషన్ ఆఫీసు రిప్పన్ బిల్డింగ్ ముందు పారిశుద్ధ్య కార్మికులు కూర్చున్నారు. రెండు జోన్లలో చెత్త పని ప్రైవేటు కంపెనీకి ఇవ్వొద్దని, తమను పర్మినెంట్ చేయమని అడిగారు. వాళ్లలో ఎక్కువ మంది దళితులు, ఆడవాళ్లు ఎక్కువ. చెన్నై పారిశుద్ధ్య కార్మికుల్లో తెలుగు మాట్లాడేవాళ్లు తరతరాలుగా ఉన్నారు. ఆగస్టు 13 అర్ధరాత్రి పోలీసులు వాళ్లను లాగి బండ్లెక్కించారు.

లోపల దళిత మేయర్, బయట దళిత కార్మికులు. దీన్ని చూపించి “చూశారా, రిజర్వేషన్ వల్ల ఏమొచ్చింది?” అని అడిగేవాళ్లు ఉంటారు. వాళ్లకు మనం చెప్పాల్సింది: అగ్రకుల మేయర్లు ఉన్న నగరాల్లో ఇదే ప్రైవేటీకరణ జరిగినప్పుడు, అప్పుడు మీరు వాళ్ల కులాన్ని అడగలేదు. అదే సమయంలో మనకు మనం చెప్పుకోవాల్సిన మాట ఇంకొకటి ఉంది. మన మనిషి కుర్చీలో కూర్చుంటే మన ప్రశ్న ఆగకూడదు. పైనుంచి పార్టీ ఒత్తిడి, పక్కన కమిషనర్ పెత్తనం ఉన్న చోట, కింద నుంచి మన ప్రశ్న కూడా లేకపోతే ఆ మనిషి ఒంటరి అయిపోతాడు. మనం అడిగే ప్రశ్న అతన్ని పడగొట్టేది కాదు, పార్టీ ముందు అతనికి నిలబడే నేలనిచ్చేది. “నా జనం నన్ను అడుగుతున్నారు” అని చెప్పుకునే అవకాశం అతనికి మనమే ఇవ్వాలి.

మున్సిపాలిటీ అంటే చిన్న రాజకీయం అని అనుకునేవాళ్లకు మహద్ గుర్తు చేస్తాను. చవదార్ చెరువు అంటరానివాళ్లకు తెరవాలని మహద్ మున్సిపాలిటీ 1924లోనే తీర్మానం చేసింది. కాగితం మీద తలుపు తెరిచింది. మూడేళ్లు ఎవరూ ఆ నీళ్లు ముట్టలేదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచివెళ్లి నీళ్లు తాగారు. అదే ఏడాది ఆగస్టులో మున్సిపాలిటీ తన తీర్మానాన్ని తానే రద్దు చేసుకుంది. కోర్టు కేసు 1937 దాకా నడిచింది. మన ఉద్యమ చరిత్రలో అంత పెద్ద ఘట్టం ఒక మున్సిపల్ తీర్మానం చుట్టూ తిరిగింది. తీర్మానం ముఖ్యం, అది లేకపోతే అడగడానికి ఆధారం ఉండదు. తీర్మానం చాలదు, చెరువు దాకా నడిచేవాళ్లు లేకపోతే అది చిత్తు కాగితం.

ఇక మనం ఏం చేయాలి? మూడు పనులు చెప్తాను.

మొదటిది, ఓటు. ఈ గదిలో ఉన్నవాళ్లలో ఎక్కువ మంది ఓటు ఖమ్మంలో, కర్నూలులో, శ్రీకాకుళంలో ఉంది. సంవత్సరాల తరబడి ఇక్కడ ఉంటాం, ఇక్కడి చెత్త కంపు పీలుస్తాం, ఇక్కడి డెంగీతో పడకేస్తాం. ఇక్కడి కౌన్సిలర్ మాత్రం మనల్ని చూడడు. చూడాల్సిన పని లేదు, మనం అతని జాబితాలో లేం. చదువు కోసం వేరే చోట ఉంటున్న విద్యార్థి సొంతూళ్లో గానీ, చదువుకునే చోట గానీ ఓటరుగా నమోదు కావచ్చు, రెండింట్లో ఒకచోటే. కొత్తవాళ్లకు ఫారం 6, ఓటు ఇక్కడికి మార్చుకునేవాళ్లకు ఫారం 8. విద్యాసంస్థ నుంచి బోనఫైడ్ తెచ్చుకోండి. ఊళ్లో ఓటు వదులుకోవడం ఇష్టం లేనివాళ్లు ఉంటారు, వాళ్లకి వాళ్ల కారణాలు ఉంటాయి. అక్కడి సర్పంచ్ ఎన్నికలో మన వాడకు ఒక్క ఓటు కూడా విలువైనదే. ఆలోచించి తేల్చుకోండి. కానీ ఇక్కడా లేక, అక్కడికీ పోక, మధ్యలో ఉండొద్దు.

రెండోది, మేయర్ అభ్యర్థి మన దగ్గరికి రాడు కాబట్టి, మేయర్‌ని ఎన్నుకునే మనిషిని పట్టుకోవాలి. ప్రతి ఏప్రిల్‌కి ముందు మీ వార్డు కౌన్సిలర్ ఆఫీసుకి పదిమంది కలిసి వెళ్లండి. ఐదు ప్రశ్నలు కాగితం మీద రాసుకోండి. “ఈసారి మేయర్‌గా ఎవరికి ఓటేస్తారు, ఈ ఐదు ప్రశ్నలకి ఆ అభ్యర్థి ఏమన్నారు?” అని అడగండి. కాగితం మీద అందినట్టు సంతకం తీసుకోండి. జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఢిల్లీ కౌన్సిలర్‌కి ఇప్పటిదాకా ఈ ప్రశ్న ఎవరూ వేసి ఉండరు. మొదట నవ్వుతాడు. రెండో ఏడాది గుర్తుపెట్టుకుంటాడు.

మూడోది, మన పక్కవాళ్లను కలుపుకోవాలి. ఢిల్లీలోని 250 వార్డుల్లో 42 ఎస్సీలకు రిజర్వ్. ఎస్టీలకు ఒక్కటీ లేదు. ఢిల్లీకి ఎస్టీ జాబితాయే లేదు. ఇదే గల్లీలో ఉంటున్న ఈశాన్య రాష్ట్రాల మిత్రులు, జార్ఖండ్ ఆదివాసీ మిత్రులు ఆ సభలో ఎక్కడా కనిపించరు. ఉదయం చెత్త బండి తోసుకుంటూ వచ్చే అన్న, గల్లీ ఊడ్చే అక్క మన ప్రశ్నల కాగితంలో ఉండాలి. వాళ్ల గురించి రాయడం కాదు, వాళ్లను అడిగి రాయాలి. నగరం గురించి మనకంటే వాళ్లకే ఎక్కువ తెలుసు. ఏ కాలువ ఎక్కడ మూసుకుపోయిందో చెప్పడానికి వాళ్లకి పీహెచ్‌డీ అక్కర్లేదు.

చివరిగా ఒక మాట. ఢిల్లీ కౌన్సిలర్ కావడానికి 21 ఏళ్లు నిండి, ఢిల్లీ ఓటరు అయి ఉంటే చాలు. ఈ గదిలో ఆ వయసు దాటనివాళ్లు తక్కువ. మనం అంతా కలెక్టర్ కావాలని వచ్చాం, ప్రొఫెసర్ కావాలని వచ్చాం. కావాలి కూడా. మన అమ్మానాన్నలు అందుకే కూలి డబ్బు పంపారు. కానీ కమిషనర్ ఎవరి మాట వినాలో తేల్చేది కౌన్సిల్ సభ. ఆ సభలో ప్రశ్న అడిగేవాళ్లు కూడా మనలోంచి రావాలి. అంతదాకా బయట నుంచి అడుగుదాం. ఈ సాయంత్రం ఇక్కడ నుంచి వెళ్లేలోపు ఆ ఐదు ప్రశ్నలు రాసేద్దాం. నా రెండు చెప్పాను, రిజర్వ్ ఏడాది గురించి ఒకటి, సఫాయి కార్మికుల గురించి ఒకటి. మిగతా మూడు మీవి. చెప్పండి, రాసుకుంటాను.

జై భీమ్.